రిజర్వు ట్యాంకులో లేదు, గొట్టంలో ఉంది

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ‘బండి రిజర్వులో పడితే ఎంత దూరం?’ అనే శీర్షికతో ఒక పట్టిక వేశారు. నూరు సీసీ బండి అయితే ఇంత, నూట యాభై అయితే ఇంత, అంతకు మించినదైతే ఇంత అని మూడు వరుసలు. దాని కింద ఒక వాక్యం: ‘రిజర్వులో పడ్డాక సగటున 50 కిలోమీటర్లు నిశ్చింతగా వెళ్లవచ్చు.’ పట్టికతో నాకు పెద్ద పేచీ లేదు. అంకెలు కొంచెం అటూ ఇటూ ఉన్నా కొట్టిపారేయవలసినవి కావు. నా గొడవంతా ఆ ‘నిశ్చింతగా’ అనే మాటతోనే. ఆ మాట రాసినవారు ఎప్పుడూ అడవి దారిలో చీకటి పడ్డాక బండి తోసి ఉండరని నాకు అనిపించింది. నేను తోశాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా సంగతి చెప్పుకోవాలి. పశుసంవర్ధక శాఖలో లైవ్‌స్టాక్ అసిస్టెంటుగా పనిచేసి రిటైరయ్యాను. ఊళ్లలో మమ్మల్ని ‘పశువుల డాక్టరు’ అనే పిలిచేవారు, మేము కాదని ఎంత చెప్పినా. మార్కాపురం, దోర్నాల, యర్రగొండపాలెం చుట్టుపక్కల ఊళ్లు నా సర్వీసంతా. ఎదకు వచ్చిన గేదెలకు, ఆవులకు కృత్రిమ గర్భధారణ చేయడం నా రోజువారీ పని. బండి వెనక మూడు లీటర్ల నత్రజని క్యాను, సంచిలో చేతి తొడుగులు, వీర్యం ఎక్కించే గన్ను, గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు. సున్నాకు 196 డిగ్రీల కింద ఉండే ఆ ద్రవ నత్రజనిలో వీర్యం గొట్టాలు ఉంటాయి. మూత ఎంత బిగించినా అది రోజూ కొంత ఆవిరై పోతూనే ఉంటుంది. కాబట్టి నాకు ఎప్పుడూ రెండు ట్యాంకుల చింత ఉండేది. ముందు ఉన్నది పెట్రోలు, వెనక ఉన్నది నత్రజని. ఏది అడుగంటినా ఆ రోజు పని పాడే.

పశువు ఎద గురించి తెలియనివారికి ఒక్క మాట. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున గర్భధారణ సూది వేయాలని మా లెక్క. ఆ అదను దాటితే మళ్లీ 21 రోజులు ఆగాలి. రైతుకు 21 రోజులంటే 21 రోజుల దాణా ఖర్చు, 21 రోజుల పాల ఆలస్యం. దారిలో పెట్రోలు అయిపోయిందని నేను చెప్పే సాకు ఆయన లెక్కలో ఎక్కడా రాసుకునేది కాదు.

1997లో నేను నూరు సీసీ బండి కొన్నాను. అంతకుముందు ఒక పాత స్కూటరు ఉండేది. పొద్దున్నే దాన్ని పక్కకు వంచి, నిలబెట్టి, కిక్కు కొట్టి, మళ్లీ వంచి... ఆ వ్యాయామం ఆ తరంవారికి వేరే చెప్పనక్కరలేదు. నూరు సీసీ ఫోర్ స్ట్రోక్ బండ్లు మన రోడ్ల మీదకు 1985లో హీరో హోండా సీడీ 100తో వచ్చాయి. పెట్రోలు నింపండి, మూత వేయండి, మరిచిపొండి అన్న ధోరణిలో దానికి ప్రకటన ఇచ్చేవారు. ఆ మూడో మాటను మనవాళ్లు మరీ మనసుకు పట్టించుకున్నారని నా అనుమానం.

కొత్త బండితో వచ్చిన పుస్తకంలో రిజర్వు 1.4 లీటర్లు అని ఉంది. నా బండి లీటరుకు 62 కిలోమీటర్లు ఇచ్చేది. ఇది గాలిలో లెక్క కాదు, నోటు పుస్తకంలో రాసుకున్నది. రెండిటినీ గుణిస్తే దాదాపు 87 కిలోమీటర్లు రావాలి. నాకు నమ్మకం కుదరలేదు. నత్రజని క్యాను మీద రాసిన లీటర్లకూ లోపల పట్టే లీటర్లకూ తేడా ఉంటుందని ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలిసింది నాకు. ఒక ఆదివారం మార్కాపురంలో బంకు ఉన్న రోడ్డు మీదే అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టాను. బండి ఒకసారి ఎగిరి దగ్గి, లాగుడు తగ్గగానే ఎడమ చేత్తో ట్యాంకు కింద ఉండే పెట్రోలు నాబ్‌ను రిజర్వు వైపు తిప్పాను. మీటరులో అంకె చూసి అరచేతి మీద రాసుకున్నాను. అక్కడి నుంచి బండి పూర్తిగా ప్రాణం వదిలే దాకా తిరిగితే 67 కిలోమీటర్లు వచ్చింది. బంకు ఫర్లాంగు దూరంలో ఉంది కాబట్టి తోసుకుంటూ వెళ్లాను. బంకు కుర్రాడు నవ్వాడు.

87కీ 67కీ మధ్య ఉన్న ఆ ఇరవై కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? సమాధానం ట్యాంకు ఆకారంలో ఉంది. పెట్రోలు ట్యాంకు బండి నడుమ ఉండే ఇనుప గొట్టం మీద జీను వేసినట్టు కూర్చుంటుంది. పైన ఒకటే గదిలా ఉన్నా అడుగున నడుమ ఒక గుబ్బ లేచి, అది కుడి జేబు, ఎడమ జేబు అని రెండుగా చీలుతుంది. పెట్రోలు కాక్, అంటే ఆ నాబ్ ఉండే కుళాయి, ఎడమ జేబుకే ఉంటుంది. మట్టం ఆ నడుమ గుబ్బ కంటే కిందికి దిగిందంటే కుడి జేబులోని పెట్రోలుకు ఇటు రావడానికి దారి లేదు. అది ట్యాంకులో ఉంటుంది, పుస్తకంలో ఉంటుంది, మీకు మాత్రం ఉండదు. బండి ఆగిపోయినప్పుడు ఎడమవైపు బాగా వంచి, పది లెక్కపెట్టి నిలబెడితే మళ్లీ స్టార్ట్ అయ్యేది ఇందుకే. కుడి జేబులో చిక్కుకున్నది గుబ్బ మీదుగా ఎడమ జేబులోకి దొర్లుతుంది. ఇది మంత్రం కాదు. కానీ ఊళ్లో జనం చూస్తుండగా చేస్తే మంత్రం తెలిసినవాడిలాగే చూస్తారు.

అసలు రిజర్వు అంటే వేరే ట్యాంకు ఉందని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. మీ వ్యాసంలో కూడా ‘రిజర్వు ట్యాంకు’ అనే రాశారు. అటువంటిది లేదు. ఉన్నది ఒకటే ట్యాంకు, ఒకటే పెట్రోలు. కాక్ లోపలి నుంచి ట్యాంకులోకి ఒక సన్నని గొట్టం నిలువుగా లేచి ఉంటుంది. నాబ్ ఆన్‌లో ఉంటే పెట్రోలు ఆ గొట్టం కొస నుంచి దిగుతుంది. మట్టం ఆ కొస కంటే తగ్గగానే ధార ఆగిపోతుంది, పెట్రోలును గాలితో కలిపే కార్బ్యురేటర్ గిన్నెలో మిగిలిన గుక్కెడుతో బండి కాస్త దూరం పోయి దగ్గుతుంది. నాబ్‌ను రిజర్వుకు తిప్పితే గొట్టం మొదట్లో, ట్యాంకు అడుగుకు ఆనుకుని ఉన్న రంధ్రం తెరుచుకుంటుంది. అంటే గొట్టం ఎత్తు ఎంతో మీ రిజర్వు అంత. ఈ ముక్క నాకు పుస్తకం చెప్పలేదు, ఒక రాత్రి చెప్పింది.

2004 వానాకాలం. అప్పుడు నేను యర్రగొండపాలెంలో ఉన్నాను. అంతకు రెండు నెలల ముందు పెట్రోలు కాక్ నుంచి చుక్కలు కారుతున్నాయని ఒక మెకానిక్కు దగ్గర కొత్తది వేయించాను. ఆ రెండు నెలలూ నా సంతోషం చూడాలి. ఫుల్ ట్యాంకు కొట్టిస్తే బండి ఇదివరకటి కంటే దాదాపు నలభై కిలోమీటర్లు ఎక్కువ వెళ్లాక గాని రిజర్వులో పడటం లేదు. మైలేజీ పెరిగిందని మా ఆఫీసులో అందరికీ చెప్పాను. మెకానిక్కుకు టీ కూడా ఇప్పించాను.

ఆ రోజు మధ్యాహ్నం ఒక జీపు డ్రైవరు చేత చీటీ వచ్చింది. అడవిలో 24 కిలోమీటర్ల లోపల ఒక ఊరు, అక్కడ ఒక రైతు గేదె తెల్లవారుజాము నుంచి అరుస్తోంది. సాయంత్రానికి నేను రావాలి. వేరే ఊళ్లో పని చూసుకుని తిరిగి వస్తుంటే యర్రగొండపాలెం అయిదు కిలోమీటర్లు ఉందనగా బండి రిజర్వులో పడింది. బంకుకు వెళ్తే తాడు కట్టి ఉంది, లోడు రాలేదట. నేను కంగారుపడలేదు. అయిదు, ఇరవై నాలుగు, ఇరవై నాలుగు కలిపితే 53. నా రిజర్వు 67. ఇంకా 14 చేతిలో ఉన్నాయి. కొలిచి చూసుకున్న మనిషికి ఉండే గర్వం నాకు నిండుగా ఉంది. క్యాను కట్టుకుని బయలుదేరాను.

పదహారు కిలోమీటర్లు లోపలికి వెళ్లాక బండి దగ్గింది. మొదట ప్లగ్గు అనుకున్నాను. రిజర్వు అని అసలు తట్టలేదు, ఎందుకంటే మీటరు ప్రకారం రిజర్వులో పడి 21 కిలోమీటర్లే అయింది. మూత తీసి బండిని ఊపాను. లోపల పెట్రోలు చప్పుడు ఉంది, కానీ అది గిన్నె అడుగున నాలుగు చెంచాల రసం చేసే చప్పుడు. ఎడమవైపు వంచాను, క్యాను ఒరిగిపోకుండా మోకాలు అడ్డం పెట్టి. రెండు కిలోమీటర్లు పోయింది. మళ్లీ వంచాను. ఈసారి కిక్కు కొట్టినంతసేపూ చప్పుడే తప్ప ప్రాణం లేదు.

చీకటి పడుతోంది. సన్నగా చినుకులు. ఊరు ఇంకా ఆరు కిలోమీటర్లు. అప్పటికి మాకు ఆ దారిలో సెల్‌ఫోను లేదు. బండిని అక్కడే వదిలి క్యాను భుజాన వేసుకుని నడుద్దామనుకున్నాను గాని, నత్రజనితో నిండిన క్యాను భుజాన వేసుకుని వంగితే ఏమవుతుందో తెలిసినవాడిని. అందుకే బండితో సహా తోయడం మొదలుపెట్టాను. ఎత్తు వచ్చినప్పుడు పది అడుగులకు ఒకసారి ఆగాను. నూరు సీసీ బండి తేలిక అని ప్రకటనల్లో చెబుతారు. పెట్రోలు లేని బండి మాత్రం ఎప్పుడూ తేలికగా ఉండదు.

రెండు కిలోమీటర్లు తోశానేమో, ఎదురుగా టార్చి లైటు ఊగుతూ వచ్చింది. దాని వెనక గంట చప్పుడు. ఆ రైతు ఎంత సేపటికీ నేను రాకపోయేసరికి, బండి ఎక్కడో ఆగి ఉంటుందని తనే అనుకుని, గేదెను తోలుకుని నాకు ఎదురొచ్చాడు. నాలుగు కిలోమీటర్లు నడిచాడు, గేదెతో, వానలో. “మీరు రాకపోతే నేనే యర్రగొండపాలెం దాకా తోలుకొద్దామని బయలుదేరాను సార్” అన్నాడు. గేదెను దారి పక్క వేపచెట్టుకు కట్టాం. ఆయన టార్చి పట్టుకున్నాడు. ఫ్లాస్కు మూత తీసి నీళ్లు వేలికి తగిలించి చూశాను, వెచ్చదనం సరిపోయేంత ఉంది. వీర్యం గొట్టాన్ని 37 డిగ్రీల నీళ్లలో ముప్పై సెకన్లు ఉంచాలి. గడియారం కనిపించక నోటితో లెక్కపెట్టాను, ఆయన కూడా నాతో కలిసి పైకి లెక్కపెట్టాడు. ఆ గేదె అయిదు నిమిషాలు కదలకుండా నిలబడింది. పది నెలల పది రోజులకు పెయ్యదూడ పుట్టింది. ఆ కబురు కూడా జీపు డ్రైవరే తెచ్చాడు.

తర్వాత ముగ్గురం, అంటే నేనూ ఆయనా గేదే, బండిని ఊరికి చేర్చాం. ఊళ్లో చిల్లర కొట్టులో పెట్రోలు సీసాలో దొరికింది. బంకులో లీటరు నలభై రూపాయలకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో అక్కడ అరవై. సీసాను దీపం ముందు పెట్టి చూస్తే నీలి ఛాయ కొట్టింది. రేషను కిరసనాయిలుకు వేసే నీలం రంగు అది. తెలిసీ పోయించుకున్నాను. తిరుగు ప్రయాణమంతా వెనక తెల్లటి పొగ, ఎత్తు వచ్చినప్పుడల్లా ఇంజనులో గులకరాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు. మర్నాడు ప్లగ్గు విప్పితే బొగ్గు ముక్కలా ఉంది.

కాక్ కూడా విప్పించాను. మెకానిక్కు దగ్గర పాతది ఇంకా డబ్బాలో పడి ఉంది. రెండిటినీ బల్ల మీద పక్కపక్కన పెట్టాం. పాత దాని గొట్టం నా చూపుడు వేలి రెండు కణుపులంత ఉంది. కొత్త దానిది ఒక్క కణుపు, అంతే. మెకానిక్కు కాసేపు చూసి, “మరలు ఒకటే సార్, రెండూ దానికే పడతాయి” అన్నాడు. అబద్ధం చెప్పలేదు. మరలు ఒకటే. గొట్టం పొట్టిది కావడంతో ఆన్‌లోనే పెట్రోలు ఇంకా కిందికి దిగిపోయేది, రిజర్వుకు మిగిలేది తగ్గిపోయేది. నేను మైలేజీ పెరిగిందని మురిసిపోయిన ఆ నలభై కిలోమీటర్లు నా రిజర్వులోంచి తీసి నాకే ఇచ్చినవి! ట్యాంకు అదే, పెట్రోలు అదే, పుస్తకంలో 1.4 అనే అంకె అదే. ఒక కణుపు గొట్టం తేడా.

మీ పట్టికలో ఈ కణుపు ఎక్కడుంది, చెప్పండి?

అప్పటి నుంచి నేను గొట్టాన్ని నమ్మడం మానేసి పుల్లను నమ్మాను. మా శాఖలో నత్రజని మట్టం కొలవడానికి ఒక స్కేలు ఇచ్చేవారు. దాన్ని క్యానులో ముంచి, తీసి గాలిలో ఆడిస్తే మునిగిన మేర తెల్లగా మంచు పడుతుంది. ఆ తెలుపు ఎక్కడి దాకా ఉందో చూసి ఎన్ని రోజులకు వస్తుందో చెప్పేవాళ్లం. అదే పని పెట్రోలుకు ఎందుకు చేయకూడదనిపించింది. వెదురు పుల్ల ఒకటి చెక్కాను. ట్యాంకు ఖాళీ చేసి, బండిని డబుల్ స్టాండు మీద నిలబెట్టి, ఒక్కొక్క లీటరే పోస్తూ, పుల్ల ముంచి, తడి ఆరేలోపు చాకుతో గాటు పెట్టాను. పెట్రోలు తడి చిటికెలో ఆరిపోతుంది, చూపు అటు తిప్పితే గాటు తప్పినట్టే. ఇంకో చిక్కు ఏమిటంటే, మూత నుంచి నేరుగా దించితే పుల్ల నడుమ గుబ్బకు తగిలి ఆగుతుంది. ఏటవాలుగా ఎడమ జేబులోకి దించాలి.

గాట్లన్నీ పడ్డాక చూస్తే అవి సమాన దూరంలో లేవు. అడుగున లీటరుకూ లీటరుకూ ఎడం ఎక్కువ, గుబ్బ దాటాక దగ్గర దగ్గరగా ఉన్నాయి. అడుగున జేబులు ఇరుకు కదా, ఒక లీటరు పోస్తే ఎక్కువ ఎత్తు లేస్తుంది. దిగేటప్పుడూ అంతే, చివరి లీటర్ల దగ్గరకు వచ్చేసరికి మట్టం గబగబా పడిపోతుంది. మీటరు ముల్లు సగం దాకా బద్ధకంగా కదిలి, సగం దాటాక ఒక్కసారిగా ఎర్ర గీత మీద పడటానికి ఇదే కారణమని నా ఊహ. ముల్లు చెడిందని మార్పించినవాళ్లను ఇద్దరిని ఎరుగుదును.

నాబ్ విషయంలో ఇంకొక ప్రమాదం ఉంది, మీ వ్యాసం దాన్ని తాకలేదు. పెట్రోలు కొట్టించాక నాబ్‌ను మళ్లీ ఆన్‌కు తిప్పడం మరిచిపోవడం. మా అబ్బాయి ఇంటర్ చదివే రోజుల్లో బండి తీసుకెళ్లి ఇదే చేశాడు. రిజర్వులోనే ఉంచి ట్యాంకు నింపించి ఇంటికి తెచ్చిపెట్టాడు. నాకు తెలియదు. పది రోజుల తర్వాత గిద్దలూరు రోడ్డులో బండి ఆగితే, రిజర్వు ఉందిగా అని ధీమాగా చెయ్యి కిందికి పెట్టాను. నాబ్ అప్పటికే అటే తిరిగి ఉంది. ఆ క్షణంలో కడుపులో కలిగేది ఏమిటో అనుభవించినవారికే తెలుసు. వాడిని ఏమీ అనలేదు. తోసేటప్పుడు అనుకోవలసినవన్నీ అనేసుకున్నాను.

నెలకొకసారైనా కావాలని రిజర్వులో నడపమని నేను చెబుతుంటాను. రిజర్వు రంధ్రం ట్యాంకు అడుగునే ఉంటుంది. నీరైనా, తుప్పు పొడి అయినా చేరేది అక్కడే. ఏడాది పొడవునా ఆన్‌లోనే తిప్పి, అవసరపడిన రోజున నాబ్ తిప్పితే మొదట కార్బ్యురేటర్‌లోకి దిగేది ఆ మురికే. సరిగ్గా ఆపద సమయంలో బండి మొరాయిస్తుంది. ఇప్పుడు పెట్రోలులో ఇథనాలు కలుపుతున్నారు కాబట్టి ఈ జాగ్రత్త ఇంకా అవసరం. ఇథనాలు నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే రెండూ కలిసి విడిపోయి అడుగుకు చేరతాయి. వాన నీళ్లు మూత దగ్గర నిలిచే పాత బండ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఇథనాలు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మా వీధి అరుగు మీద కూర్చునేవారి లెక్కలో అందరి మైలేజీ తగ్గడానికీ ఇరవై శాతం ఇథనాలే కారణం. పెట్రోలుతో పోలిస్తే ఇథనాలులో శక్తి దాదాపు మూడో వంతు తక్కువే, నిజమే. కానీ నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదికలోనే పాత తరహా ద్విచక్ర వాహనాలకు తగ్గుదల మూడు, నాలుగు శాతం ఉండవచ్చని రాశారు. నా 67 కిలోమీటర్ల మీద అది రెండున్నర కిలోమీటర్లు. అరుగు మీద కూర్చునేవారి బండ్లు పదిహేను కిలోమీటర్లు తగ్గాయంటే మిగతాది టైర్లలో గాలి, బిగిసిన బ్రేకులు, నూనె ఎరగని చైను, గంటకు డెబ్బై వేగం. ఈ మాట అన్నందుకు నన్ను ప్రభుత్వం మనిషి అన్నారు. పింఛను తీసుకునేవాడిని కాబట్టి కాదనలేకపోయాను.

ఇప్పటి బండ్ల సంగతికి వస్తాను, మీ పాఠకులలో ఎక్కువమందికి అవే ఉంటాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బండి పొగకు సంబంధించిన బీఎస్ 6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బ్యురేటర్ పోయి, పెట్రోలును పంపుతో చిమ్మే ఇంజెక్షను వచ్చింది. దానితో ఆ మూడు గుర్తుల నాబ్ కూడా పోయింది. ట్యాంకులో చిన్న పంపు ఉంటుంది. తాళం తిప్పగానే సన్నగా గుయ్యిమంటుందే, అదే. నాబ్ బదులు మీటరులో ఒక పసుపు రంగు చుక్క దీపం, లేదా చివరి గీత మిణుకుమిణుకుమనడం. మా మనవడి బండి అయితే ఇంకా ఎన్ని కిలోమీటర్లు వెళ్లగలదో అంకె కూడా చూపిస్తుంది. మొన్న దోర్నాల దాటి శ్రీశైలం వెళ్తుంటే ఆ అంకె దోర్నాలలో 64 ఉంది. దారి యాభై కిలోమీటర్ల చిల్లర. “సరిపోతుంది తాతయ్యా” అన్నాడు. నేను ఒప్పుకోలేదు, వెనక్కి తిప్పించి పెట్రోలు పోయించాను. ఆ అంకె అంతకుముందు చదును రోడ్డు మీద బండి తాగిన లెక్కను బట్టి వేసిన జోస్యం. ముందున్న ఘాటు మలుపులు దానికి తెలియవు. వెనక నేను కూర్చున్న సంగతి కూడా తెలియదు.

ఇంజెక్షను బండిని నేను చేసినట్టు ప్రాణం పోయే దాకా తిప్పి కొలవవద్దని మాత్రం మీ పత్రిక ద్వారా గట్టిగా చెప్పండి. ఆ పంపును చల్లగా ఉంచేది చుట్టూ ఉన్న పెట్రోలే. పొడిగా తిరిగితే అది వేడెక్కి పాడవుతుంది, మార్పించాలంటే ఖర్చు తక్కువ కాదు. దానికి వేరే ఉపాయం ఉంది. దీపం వెలగగానే నేరుగా బంకుకు వెళ్లి, బండిని నిటారుగా నిలబెట్టి, పుస్తకంలో చెప్పిన మట్టం దాకా నింపించండి. ఎన్ని లీటర్లు పట్టిందో ట్యాంకు సామర్థ్యంలోంచి తీసేయండి. మా మనవడి బండి ట్యాంకు 9.8 లీటర్లు. దీపం వెలిగాక 8.2 పట్టింది. అంటే లోపల 1.6 ఉందన్నమాట. అందులో పంపుకు అందనిది కొంత ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మేము దీపం వెలిగాక నలభై అని రాసుకున్నాం. మీ పట్టిక చెప్పిన యాభై కాదు.

అడవి దారుల గురించి ఒక్క విన్నపం, ఇది అధికారులకు. దోర్నాల నుంచి శ్రీశైలం దారిలోనూ, హైదరాబాద్ వైపు మన్ననూరు నుంచి వచ్చే దారిలోనూ రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా చెక్‌పోస్టు గేట్లు వేసేస్తారు. అక్కడ పులులు, వేగం, ప్లాస్టిక్ గురించి బోర్డులున్నాయి, ఉండాల్సిందే. వాటి పక్కనే ‘తర్వాతి పెట్రోలు బంకు ఇన్ని కిలోమీటర్లు’ అని ఇంకొకటి పెడితే ఖర్చు ఎంత? ఎనిమిదిన్నరకు గేటు దాటి, నడుమ ఘాటులో బండి ఆగిన కుర్రాళ్లను నేను చూశాను. వాళ్లకు దిగాలంటే భయం, తోయాలంటే భయం.

ఇంకొకటి, బంకుల్లో సీసాలలో పెట్రోలు పోయకూడదనే నియమం. నేను దానికి వ్యతిరేకిని కాను. ప్లాస్టిక్ సీసాలో పెట్రోలు ఎంత ప్రమాదమో, అది దుర్మార్గుల చేతిలో పడితే ఏమవుతుందో చూశాం. కానీ నియమం ఆపదలో ఉన్నవాడికి ఏమి దారి చూపింది? మూడు కిలోమీటర్లు నడిచి బంకుకు వచ్చినవాడిని వట్టి చేతులతో పంపిస్తే వాడు వెళ్లేది చిల్లర కొట్టులోని నీలి సీసా దగ్గరికే. కంపెనీలవారు ఆమోదించిన ఇనుప డబ్బాలు రెండు ప్రతి బంకులోనూ ఉంచి, ఆధార్ కార్డు చూపించి, బయానా కట్టి ఒక లీటరు తీసుకెళ్లే ఏర్పాటు చేయవచ్చు. కొలత చూసుకోవడానికి అయిదు లీటర్ల పాత్ర ప్రతి బంకులో ఉంచుతున్నారు, అడిగితే చూపించాలి. ఆ పాత్ర పక్కన ఈ డబ్బాకు చోటు లేదా?

బండ్లు తయారుచేసేవారికి చెప్పవలసింది చిన్నదే. పుస్తకంలో ‘రిజర్వు ఇంత’ అని రాయడం కాదు, అందులో ఇంజనుకు అందేది ఎంతో రాయండి. కొన్ని పుస్తకాల్లో ‘వాడుకోదగినది’ అనే మాట ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఉన్నచోట కూడా చీమ తలకాయంత అక్షరాల్లో. దీపం వెలిగే బండ్లకైతే అది వెలిగే సమయానికి ట్యాంకులో ఎంత మిగిలి ఉంటుందో మీటరు పక్కనే ఒక చీటీ అంటిస్తే నాలాంటివాడు పుల్ల చెక్కుకోనక్కరలేదు.

నా పాత బండి ఇప్పటికీ ఉంది. కాక్‌కు అసలైన పొడవు గొట్టం వేయించాను. పోయిన సంక్రాంతి ముందు మళ్లీ కొలిస్తే రిజర్వులో 58 కిలోమీటర్లు వచ్చింది. ఇంజను వయసు, నా బరువు, ఇథనాలు, అన్నీ అందులో ఉన్నాయి. గాట్ల పుల్ల బండి పెట్టెలోనే ఉంటుంది.

మీ తర్వాతి ఆదివారం అనుబంధంలో చోటు ఉంటే ఆ పట్టికనే మళ్లీ వేయండి. ‘రిజర్వు ట్యాంకు’ను ‘రిజర్వు’ చేసి, ‘నిశ్చింతగా’ను తీసేసి, చివర ‘మీ బండి’ అని ఒక ఖాళీ వరుస వదలండి. పెన్సిలుతో రాసుకునేంత వెడల్పుగా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లైవ్‌స్టాక్ అసిస్టెంట్,
మార్కాపురం